సాలు అనే కేక

పుంగనూరు బస్టాండు పక్కనున్న హోటల్లో ఇడ్లీ తింటున్నాను. సాంబారు బకెట్టుతో వచ్చిన మనిషి గరిటె మీద గరిటె పోస్తూ పోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, "సాలప్పా, సాలు" అన్నాను. ఎదురు బల్ల దగ్గర కాఫీ తాగుతున్నతను చటుక్కున తలెత్తి చూశాడు. చూస్తే మా పాత గోల్‌కీపర్. జుట్టు పోయింది, పొట్ట వచ్చింది. అయినా ఎటునుంచి ఏమొచ్చి పడుతుందోనన్నట్టు చేతులు రెండూ చాచి కూర్చునే అలవాటు మాత్రం పోలేదు.

"ఆ మాట యాల అంటివప్పా ఇప్పుడు?" అన్నాడు. "ఆయప్ప పోయినాడు, తెలుసునా? మొన్న సోమవారం. నిద్దట్లోనే అంట."

ఏ ఆయప్ప అని నేను అడగలేదు. నా వరకు ఆ మాట ఒక్క మనిషి సొత్తు. మిగతా ఇడ్లీ ఇక తినబుద్ధి కాలేదు. మదనపల్లెకు పోవలసినవాణ్ణి, చెయ్యి కడుక్కొని సదుం బస్సు ఎక్కాను.

ఆయనది ఆ దారిలోనే ఒక పల్లె. బాగా భూమి ఉన్న ఇల్లు. మెట్టచేలలో వేరుశనగ, బావి కింద టమాటా. ఆ టమాటా మదనపల్లె మార్కెట్టుకు తోలుకొచ్చి, వేలం ముగిశాక సాయంత్రం బస్సు దాకా ఏం చెయ్యాలో తోచక ఒకరోజు మా ఫుట్‌బాల్ మైదానంలోకి వచ్చాడు. తొంభైల మొదట్లో సంగతి అది. వచ్చినవాడు ఖాళీ టమాటా పెట్టె ఒకటి భుజాన వేసుకొని వచ్చాడు. దాన్ని సరిగ్గా నడిమి గీత పక్కన బోర్లించి, మీద తువ్వాలు పరుచుకొని కూర్చున్నాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అదే ఆయన చోటు.

ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళంతా గోలు వెనక మూగుతారు. ఈయన ఒక్కడే నడుమ కూర్చుంటాడు. బంతి గోలు దగ్గరికి పోతే ఆయనకు ఆసక్తి పోతుంది. జేబులోంచి వేయించిన శనక్కాయలు తీసి వొలుచుకుంటాడు. గోలు పడి మైదానమంతా ఎగిరి గంతులేస్తుంటే, అరచేతిలో పప్పుల పొట్టు ఊదుకుంటూ పక్కవాణ్ణి అడుగుతాడు.

"అయిందా? సరే. ఎవురు దున్నింది?"

ఆయన లెక్కలో గోలు కొట్టేవాళ్ళు కోతకొచ్చినవాళ్ళు. కోతకు ఎవడైనా వస్తాడు. గోల్‌కీపర్ చేను కాపలా. నడుమ ఆడేవాడొక్కడే సేద్యగాడు. మిడ్‌ఫీల్డర్ అనే మాట మా పీటీ మాస్టారు చెబితే ఆయన కాసేపు నోట్లో తిప్పుకొని, "ఫీల్డంటే పొలమే గదా. మిడ్డంటే నడిమిది. నడిమి చేను. మరి ఇంగ్లీసోళ్ళకూ తెలుసునే!" అని చాలా సంతోషపడ్డాడు. ఆ రోజునుంచీ నా పేరు పోయింది. నేను ఆయనకు "నడిమిసేనప్ప" అయిపోయాను.

అంతమాత్రాన ఆయనకు ఆట తెలుసుననుకుంటే పొరపాటు. ఆఫ్‌సైడ్ ఏమిటో చివరిదాకా ఆయనకు ఎక్కలేదు. విజిల్ పడినప్పుడల్లా లేచి నిలబడి రిఫరీతో తగువేసుకునేవాడు. "ముందరికి పొయ్యేది తప్పంటే ఎట్లప్పా? మా ఊర్లో ఎనకబడితేనే తప్పు!" ఒకసారి రిఫరీ కోపం వచ్చి ఆయన్ను బయటికి పొమ్మన్నాడు. పెట్టె ఎత్తుకొని గేటు దాకా పోయాడు. రిఫరీ అటు తిరగ్గానే మళ్ళీ వచ్చి అక్కడే కూర్చున్నాడు. ఆయన గొంతు రెండు చేలు దాటి వినబడే గొంతు, పనివాళ్ళను అదిలించి అలవాటైన గొంతు. ఎవరిమాటా వినే మనిషి కాదు.

ఇక నా గురించి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఆ రోజుల్లో నన్ను నేను కళాకారుడిననుకునేవాణ్ణి. జుట్టు పెంచి బూటు లేసుతో కట్టుకునేవాణ్ణి. మేజోళ్ళు మడమల దాకా జార్చుకునేవాణ్ణి. టీవీలో చూసి నేర్చుకున్న ఒక విద్య ఉండేది. బంతి మీదుగా కాలు ఇటూ అటూ తిప్పి, ఎటు పోతానో ఎదుటివాడికి తెలియకుండా చెయ్యడం. నిజానికి ఎటు పోతానో నాకూ తెలిసేది కాదు. బంతి దొరికితే ముగ్గురిని దాటించి నాలుగోవాడికి భద్రంగా అప్పజెప్పేవాణ్ణి. ముందు వరసలో ఆడాలని నా కోరిక. పీటీ మాస్టారు నడుమ పెట్టారు. ఎందుకు సార్ అంటే, "ముందర పెడితే పరిగెత్తవు, ఎనక పెడితే బెదురుతావు. ఇంగ యాడ పెట్టేది నిన్ను?" అన్నారు.

పెట్టె మీది పెద్దాయన నన్ను మొదటిసారి పలకరించింది ఒక ఆట మధ్యలో, నీళ్ళ కోసం గీత దగ్గరికి వచ్చినప్పుడు.

"ఏమప్పా, బావి తవ్వతాండావా?"

నాకు అర్థం కాలేదు.

"కాదు, వొకే సోట గుండ్రంగా తిరుగుతాండావే, నీళ్ళు పడతాయేమోనని అడిగినా."

గోల్‌కీపర్ ఆ చివరనుంచి పడీ పడీ నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం రెండో సగంలో బంతి నా కాళ్ళకు తగలగానే ఆ గొంతు వినబడింది.

"సాలూ!"

నా కాలు దానంతటదే బంతిని వదిలేసింది.

దీనికి కారణం ఆట కాదు, మా అంగడి. మా నాయనది మదనపల్లెలో కిరాణా అంగడి. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ తక్కెట్లో కందిపప్పు పోసేది నేను. పోస్తూ ఉంటే కొనేవాళ్ళు "సాలప్పా" అంటారు. అన్న మరుక్షణం చెయ్యి ఆగాలి. ఇంకొక గింజ పడితే మా నాయన వెనకనుంచి నెత్తిన మొట్టేవాడు. అందువల్ల ఆ మాట చెవిన పడితే మనసుతో పనిలేకుండా నా ఒళ్ళే ఆగిపోతుంది. పెళ్ళి భోజనంలో పక్క విస్తరివాడు సాలంటే నేను తినడం ఆపేసేవాణ్ణి.

ఆ రోజునుంచి ఇదే వరస. నేను బంతి పట్టుకొని విద్య మొదలుపెడతాను. పెట్టె మీదనుంచి "సాలూ!" అని కేక. ఇక చాలించు అంటున్నాడని బెదిరి, ఎదురుగా కనబడినవైపు బంతి తన్నేస్తాను. చిత్రమేమిటంటే అది పోయి ఎదుటి జట్టులో వెనక కాసే ఇద్దరు బ్యాకుల నడిమి సందులోంచి దూరి మావాడి కాళ్ళ ముందు పడేది. ఒకసారి కాదు, మాటిమాటికీ. మా జట్టు గెలవడం మొదలుపెట్టింది. ఊళ్ళో నా పేరు మారుమోగింది. కుర్రాడికి ఏం చూపురా అన్నారు. తలెత్తకుండానే ఎవరెక్కడున్నారో తెలుసునన్నారు. నేను కూడా నమ్మాను. అంగట్లో బెల్లం కొనడానికి వచ్చినవాళ్ళను నిలబెట్టి, నడుమ ఆడేవాడికి వీపున కూడా కళ్ళుండాలని, బంతిని ప్రేమించకూడదని ఉపన్యాసాలిచ్చాను. వాళ్ళు పాపం పొట్లం కట్టేదాకా విన్నారు.

లోపల మాత్రం ఒక ముల్లు ఉండేది. ఊరంతా మెచ్చుకుంటున్నారు, ఈ మనిషి మాత్రం చాలు చాలు అంటాడే తప్ప ఒక్క మంచిమాట అనడే! ఆయన నా ఆట గురించి ఒక వాక్యం చెబితే వినాలని నాకు ఎంత ఆశగా ఉండేదో చెప్పలేను. ఊళ్ళోవాళ్ళ పొగడ్తలన్నీ కలిపినా ఆ ఒక్క వాక్యానికి సరిపోవనిపించేది. ఆట ముగిశాక గీత దగ్గరికి పోయి, చెమట తుడుచుకుంటూ ఏదో మాటల్లో అడిగినట్టు అడిగేవాణ్ణి.

"పెద్దాయనా, ఎట్లుండాది నా ఆట?"

ఆయన లేచి, తువ్వాలు దులిపి, పెట్టె భుజానికెత్తుకొని, "బస్సు టయమాయె" అనేవాడు.

తొంభైల చివర్లో కుప్పంలో జరిగిన పోటీల్లో మేం ఫైనలుకు వచ్చాం. ఎదుటి జట్టు కోలారు గనుల వైపునుంచి వచ్చింది. ఆ వైపువాళ్ళకు ఫుట్‌బాలంటే పిచ్చి. ఆ ఆట చూడ్డానికి పెద్దాయన మాతోపాటు బస్సెక్కాడు, తన టమాటా పెట్టెతో సహా. దాన్ని టాపు మీద వెయ్యమని కండక్టరు అంటే ఒప్పుకోలేదు. కుప్పం దాకా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. దారిలో నాకు శనక్కాయలు పెట్టాడు. అవి తింటూ నేను, ఇవాళ గెలిస్తే ఆ వాక్యం చెప్పక ఎక్కడికి పోతాడులే అనుకున్నాను.

ఎదుటి జట్టులో నా చోట ఆడే మనిషిని చూసి నాకు జాలేసింది. పొట్టివాడు, ఒక్క విద్యా లేదు. బంతి అతని దగ్గరికి వచ్చేది, పోయేది. ఆగేది కాదు. రాకముందే ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూసేవాడు. వచ్చాక చూసేవాడు కాదు. ఇట్లాంటివాణ్ణి ఫైనల్లో ఎట్లా ఆడిస్తున్నారా అనుకున్నాను. కాసేపటికి చూస్తే మైదానమంతా అతని చుట్టూ తిరుగుతోంది. అతను మాత్రం నడిచినట్టే ఉన్నాడు.

మాకు అసలు చిక్కు అది కాదు. వాళ్ళతో వచ్చిన జనం పలకలు తెచ్చారు. ఆట మొదలైనప్పటినుంచీ నడిమి గీతకు ఎదురుగా నిలబడి ఒకటే వాయింపు. నాకు నా ఊపిరి కూడా వినబడటం లేదు. ఇక పెద్దాయన కేక ఎక్కడ వినబడుతుంది?

ఆ సాయంత్రం నన్ను ఆపేవాళ్ళు లేకపోయారు. బంతి దొరికింది. విద్య మొదలుపెట్టాను. ఒకణ్ణి దాటించాను, ఇద్దరిని దాటించాను. ఓరగా చూస్తే పెద్దాయన పెట్టె వదిలేసి గీత వెంబడి పరిగెత్తుతున్నాడు. తువ్వాలు గాల్లో తిప్పుతున్నాడు. నోరు ఇంతగా తెరుచుకుని ఉంది. ఆయన్ను నేనెప్పుడూ అట్లా చూడలేదు. ఇన్నేళ్ళకు నా ఆట చూసి ఆనందం పట్టలేకపోతున్నాడనుకున్నాను. ఆనందంతో ఆయనకు చెయ్యి కూడా ఊపాను. ఊపి ఇటు తిరిగేసరికి కాళ్ళ దగ్గర బంతి లేదు. అది పొట్టివాడి దగ్గర ఉంది. మరి కొద్దిసేపటికి మా గోల్లో ఉంది.

ఓడిపోయాం. తిరుగు బస్సులో ఎవరూ నాతో మాట్లాడలేదు. పెద్దాయన పక్క సీటు ఖాళీగా ఉంటే పోయి కూర్చున్నాను. పలమనేరు దాటాక ఇక ఉండబట్టలేక అడిగాను.

"పెద్దాయనా, ఈ పొద్దు ఎట్లుండాది నా ఆట?"

గొంతు పూర్తిగా పోయింది ఆయనకు. బొంగురుగా, "బస్సు టయమాయె" అన్నాడు. మేం బస్సులోనే ఉన్నాం.

కొన్నేళ్ళకు ఆట మానేశాను. అంగడి నా చేతికొచ్చింది. పెళ్ళి కుదిరితే పత్రిక ఇవ్వడానికి ఆయన పల్లెకు పోయాను. తొలకరి పడి వేరుశనగ వేస్తున్నారు. ముందు ఎద్దుల నాగలి, వెనక కొంగున విత్తనాలు కట్టుకున్న ఆడవాళ్ళు. గట్టుమీద బోర్లించిన టమాటా పెట్టె, దానిమీద ఆయన. నేను దగ్గరికి పోతుండగానే ఆ గొంతు లేచింది.

"సాలూ! సాలూ!"

పత్రిక పట్టుకున్న నా చెయ్యి గాల్లో ఆగిపోయింది. కానీ నాగలి పట్టిన మనిషి ఆగలేదు. ఇంకోసారి సాలన్నాడు. వాడు వినబడనట్టే పోతున్నాడు. నాకు ఆశ్చర్యమేసింది. నాగలి గట్టు దగ్గరికి వచ్చి తిరిగేటప్పుడు వాణ్ణే అడిగాను.

"ఏమప్పా, పెద్దాయన సాలంటాంటే ఆపవే?"

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "యాల ఆపేది? సాలు వంకర పోతాండాదంట, అదీ ఆయప్ప బాధ." కాలిబొటనవేలితో మట్టిలో నాగలి గీసిన గీత చూపించాడు. "ఇదో, ఇది సాలు. ఇత్తు దీంట్లోనే పడాల."

నేను ఆ గీత వంక చూస్తూ నిలబడిపోయాను. నాగటి చాలు, ఇక వద్దనే చాలు, రాతలోనైనా రెండూ చాలే, మా నోట్లో రెండూ సాలే. ఇంతకాలం ఆయన ఇద్దరు బ్యాకుల నడుమ తెరుచుకున్న దారిని చూసి, అదో సాలు, దాంట్లో వెయ్యి అని అరుస్తున్నాడు. నేను ఇక చాలురా నాయనా అంటున్నాడని బెదిరి వదిలేస్తున్నాను. ఇన్ని సేద్యం మాటలు విన్నవాడికి ఆ ఒక్కటి తట్టలేదా అంటే తట్టలేదు. పప్పు తూచేవాడికి చాలంటే ఒక్కటే అర్థం. ఊరు మెచ్చిన నా చూపు, నా వీపు కళ్ళు, బెల్లం కొనేవాళ్ళకు చెప్పిన ఉపన్యాసాలు, అన్నీ ఆ మెత్తటి మట్టిలో కలిసిపోయాయి.

పెద్దాయన నన్ను ఇంటికి తీసుకుపోయి, మజ్జిగ ఇప్పించి, వరండాలో కూర్చున్న చుట్టాలకు పరిచయం చేశాడు. "ఈయప్పే మా నడిమిసేనప్ప. నేను సాలంటే సాల్లో ఏసినోడు. మదనపల్లంతా ఎతికినా నా మాట తెలిసినోడు ఈయప్ప ఒక్కడే" అన్నాడు. అసలు సంగతి చెబితే ఈయన మనసు విరిగిపోతుంది, వద్దులే అనుకున్నాను. అప్పుడు నా ఔదార్యానికి నాకే ముచ్చటేసింది.

ఆ తర్వాత ఆయన మదనపల్లెకు రావడం తగ్గింది. ఒకసారి మా అంగట్లో టీవీలో పెద్ద పోటీల ఆట చూశాడు. కాసేపటికే విసుక్కున్నాడు. "వీడెవుడో బంతి యాడుంటే ఆడే సూపిస్తాండాడే. బంతి లేనిసోటు సూపీమనప్పా!" అన్నాడు. అప్పుడు మళ్ళీ చెబుదామా అనిపించింది. మళ్ళీ నా ఔదార్యం అడ్డొచ్చింది.

సదుం బస్సు దిగి ఇంటికి పోయేసరికి వరండాలో జనం పల్చబడ్డారు. గోడ పక్కన ఆ పెట్టె ఉంది. దానిమీద ఎవరూ కూర్చోలేదు. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి దగ్గరికి పిలిచింది.

"అంగడి నాయనవా? రా నాయనా. ఆ పెట్టె మీద కూసో. ఎవురూ కూసోల్యా, దాన్నట్ల ఖాళీగా సూడలేను."

కూర్చున్నాను. నాకు నిజంగా ఏడుపు వస్తోంది. చివరికి, ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పాను. సాలంటే ఆయన ఒకటి అనుకుంటే నేను ఇంకొకటి అనుకున్నానని, ఆయన బాధపడతాడని ఇన్నాళ్ళూ నోరు విప్పలేదని చెప్పాను. ఆమె నా మొహం చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"ఆయప్పకు తెలీకపోవడమా! మొదట్నాడే ఇంటికొచ్చి సెప్పినాడు. 'ఆ అంగడి పిల్లోనికి సాలంటే ఏందో తెల్దే, సాలించమంటాండానని బెదిరి తన్నేసె. సరింగా సాల్లోనే పడె' అని పొట్ట పట్టుకోని నవ్వె. ఆన్నించి సూసి సూసి, వాని కాలు సాలు ముందరికి వచ్చినప్పుడే అరిసేవోడంట."

"మరి నాకు సెప్పలేదే?"

"ఎట్ల సెప్తాడు? నీకు నువ్వు ఇంతోడివంతోడివి అని తిరుగుతాంటివంట గదా. పిల్లోడు బాదపడతాడులే, వద్దులే అనేవోడు."

ఆయన చివరిదాకా నా కాళ్ళతో తను ఆడుకున్నాడు. పైగా నా పరువు కూడా కాపాడాడు. నేను ఆయనకు చేస్తున్నాననుకున్న ఉపకారం ఆయన నాకంటే ముందునుంచే నాకు చేస్తున్నాడు. ఇక దాచుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. అందుకే ఆయన్ను అడిగీ అడిగీ వినలేకపోయినది ఆమెను అడిగాను.

"అమ్మా, నా ఆట ఎట్లుండాదని ఎప్పుడైనా అన్నాడా?"

"అన్నాడు. కుప్పం నుంచి వచ్చిన పొద్దు. గొంతు పోయి మాట రాకుండా ఉంటే, ఉడుకు నీళ్ళిస్తా నేనే అడిగితి. ఏమనె అంటే..." కళ్ళు తుడుచుకుంది. "'కాళ్ళు అంతంత మాత్రమే. తలకాయ ల్యా. సెవులు మాత్రం, బంగారట్లా సెవులే వానివి. అట్ల వినేవోడు జట్టులో ఇంకొకడు ల్యాడు' అనె."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా దున్నిన చేలు పోతున్నాయి. ఆ వాక్యాన్ని మనసులో ఇటు తిప్పి అటు తిప్పి, అందులో తిట్టెంత, మెప్పెంత అని తూచుకుంటున్నాను. ఎంతసేపు అట్లా ఉన్నానో తెలియదు. పక్కాయన భుజం పట్టి కుదిపాడు. కండక్టరు నా నెత్తిన నిలబడి ఎప్పటినుంచో టికెట్టు టికెట్టు అని అరుస్తున్నాడట. నాకు వినబడలేదు.